పాపకు చెమ్నిట్జ్‌లో సీటు వచ్చింది, అక్కడ ఏఎఫ్‌డీ పార్టీ గొడవ ఏమిటి?

గడియారాల_షాపు
జూన్ 14, 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చదివి పోవడమే గాని ఇక్కడ రాయడం నాకు అలవాటు లేదు. మా పాప కడపలోనే ఈసీఈ చేసింది. జర్మనీలో చెమ్నిట్జ్ అనే ఊర్లో ఎంబెడెడ్ సిస్టమ్స్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొంచెం కట్టాలంట, అంతే. మన డిగ్రీ కాగితాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి పెట్టే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి. మన లెక్కలో పదకొండున్నర లక్షలు దాటుతుంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టే పనిలో ఉన్నా.

మొన్న మా బావమరిది ఒక వీడియో పంపినాడు. ఆ ఊరుండే రాష్ట్రంలో ఏఎఫ్‌డీ అనే పార్టీకి అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని, బయటి దేశాల వాళ్లను పంపించేస్తామంటున్నారని. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం దిగడం లేదు. కన్సల్టెన్సీ వాళ్లను అడిగితే, "అదంతా టీవీల హడావిడి సార్, ముందు రెండో ఇన్‌స్టాల్‌మెంట్ కట్టండి" అన్నారు.

అక్కడ ఉన్నవాళ్లు, ఈ విషయం తెలిసినవాళ్లు చెప్పండి. ఆడపిల్లను ఒంటరిగా పంపొచ్చా?

కారందోసె
జూన్ 14, రాత్రి 9:30

ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చింది అన్నా. వెనకాల యుద్ధం సినిమా మ్యూజిక్ పెట్టినారు చూడండి, అది తీసేసి చూస్తే సగం భయం పోతాది. మిగతా సగానికి ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పాల.

కువైట్_రిటర్న్
జూన్ 14, రాత్రి 10:05

నేను కువైట్‌లో 22 ఏండ్లు డ్రైవర్‌గా చేసినా. ఒక్కరోజు కూడా అది నా దేశం అనుకోలేదు, వాళ్లూ అనుకోనీయలేదు. 2020లో ఇండియన్స్ అక్కడ జనాభాలో 15 శాతం మించకూడదని బిల్లే తయారు చేసినారు. మేం ఏమన్నా ధర్నా చేసినామా? వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. జర్మనీవాళ్లు అదే మాట అంటే మాత్రం రేసిజం, ఫాసిజం అని గోల. పాప చదువుకోను పోతాంది, చదువుకొని వస్తాది. పార్టీల సంగతి మనకెందుకు సామీ.

కెమ్నిట్స్_కుర్రోడు
జూన్ 14, రాత్రి 11:48

అంకుల్, నేను అదే యూనివర్సిటీలో నాలుగో సెమిస్టర్. మాది మైదుకూరు దగ్గర. ముందు ఒక చిన్న విషయం: ఊరి పేరు చెమ్నిట్జ్ కాదు, కెమ్నిట్స్ అని పలుకుతారు. వీసా ఇంటర్వ్యూలో పాప చెమ్నిట్జ్ అంటే ఏం కొంపలు మునగవు గాని, తెలిసి ఉంటే మంచిది.

ఇక్కడ ఇండియన్స్ చాలా మంది ఉన్నాం, తెలుగువాళ్లం లెక్కలేనంత. జర్మనీ మొత్తం మీద 2023-24 చలికాలం సెమిస్టర్‌లో ఇండియన్ స్టూడెంట్స్ 49 వేల పైచిలుకు, విదేశీ విద్యార్థుల్లో మనమే ఫస్ట్. కాబట్టి పాప ఒంటరి కాదు.

ఇక వీడియో సంగతి. అంకెలు అబద్ధం కాదు. మొన్న ఫిబ్రవరి 23న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో మా సాక్సనీ రాష్ట్రంలో ఏఎఫ్‌డీకి 37.3 శాతం వచ్చింది. దేశం మొత్తం 20.8 శాతం, 152 సీట్లు, రెండో పెద్ద పార్టీ. అంటే ట్రామ్‌లో నా చుట్టూ పదిమంది ఓటర్లు కూర్చుంటే ముగ్గురు నలుగురు ఆ పార్టీకే వేసినట్టు. మొదట్లో ట్రామ్ ఎక్కగానే మొహాలు చూసి ఆ నలుగురు ఎవరా అని లెక్కపెట్టేవాణ్ని. తర్వాత మానేశా, ఎందుకంటే ఒక్కసారీ కనిపెట్టలేకపోయా.

మా బిల్డింగ్‌లో కింది ఫ్లోర్‌లో ఒక అవ్వ ఉంటుంది, డెబ్బై దాటి ఉంటాయి. నేను ఇంట్లో లేనప్పుడు నా పార్సిళ్లు ఆవిడే తీసుకుని దాచిపెడుతుంది. పోయినేడు ఆగస్టులో రేగుపళ్లలాంటి నీలం పళ్లతో చేసిన కేకు ప్లేటు నిండా ఇచ్చింది. ఎన్నికలప్పుడు ఆవిడ లెటర్ బాక్స్ మీద పార్టీ స్టిక్కర్ చూశా, నీలం రంగుది, ఎర్ర బాణం గుర్తు. నా మొహం చూసి ఆవిడకే అర్థమైంది. "నీ గురించి కాదబ్బాయ్, నువ్వు వేరే" అంది.

దీన్ని ఎట్లా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు. కేకు మాత్రం బాగుంది.

నల్లమల_గాలి
జూన్ 15, ఉదయం 7:20

ఒక పక్కే వింటే ఎట్లా? ఆ పార్టీకి కోటీ మూడు లక్షల మంది ఓటేశారు. కోటి మందీ నాజీలేనా? 2015లో ఒక్క ఏడాదిలో దాదాపు 9 లక్షల మంది శరణార్థులు వచ్చిపడ్డారు. అప్పటి చాన్సలర్ (మన ప్రధానిలాంటి పదవి) మెర్కెల్ మేడం "మనం చేయగలం" అన్నారు. చేసింది ఎవరు, మున్సిపాలిటీలు, స్కూళ్లు. 2024 మేలో మన్‌హైమ్‌లో కత్తిపోట్లకు పోలీసు చనిపోయాడు. ఆగస్టులో జోలింగెన్‌లో వీధి ఉత్సవంలో ముగ్గురు. ఈ జనవరిలో ఆషఫెన్‌బుర్గ్‌లో పార్కులో రెండేళ్ల పసివాడు. నిందితులు శరణు కోరి వచ్చినవాళ్లే. ఇవన్నీ చూసి సామాన్యుడు కోపంతో ఓటేస్తే పైనుంచి పాఠాలు చెప్పడం తేలిక.

అన్నా, మీరేం భయపడొద్దు. వాళ్లకు పడనిది ముస్లింలతోనే. చదువుకున్న మన ఇండియన్స్‌తో వాళ్లకు పేచీ లేదు.

సివిక్స్_మాస్టారు
జూన్ 15, ఉదయం 10:41

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పినవాణ్ని. రిటైరయ్యాక ఎర్రముక్కపల్లె బ్రౌన్ లైబ్రరీలో పేపర్లు తిరగేయడమే పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

ఈ పార్టీ పుట్టినప్పుడు దీన్ని చూసి ఎవరూ భయపడలేదు, నవ్వారు. 2013 ఫిబ్రవరిలో బెర్న్ట్ లుకె అనే ఎకనామిక్స్ ప్రొఫెసరు, ఇంకొందరు కలిసి పెట్టారు. పేరుకు అర్థం 'జర్మనీకి ప్రత్యామ్నాయం'. వాళ్ల గొడవంతా యూరో కరెన్సీ గురించి. అప్పుల్లో మునిగిన గ్రీసు లాంటి దేశాలను మన పన్నులతో ఎందుకు ఒడ్డెక్కించాలి అని. 'ప్రొఫెసర్ల పార్టీ' అని పేరు. ఆ ఏడాది ఎన్నికల్లో 4.7 శాతం వచ్చింది. 5 శాతం రాకపోతే పార్లమెంటులో అడుగుపెట్టనివ్వరు కాబట్టి గడప దాకా వచ్చి ఆగిపోయారు.

2015లో ఆ ప్రొఫెసర్నే పార్టీ సమావేశంలో ఓడించారు. ఫ్రౌకె పెట్రీ వచ్చింది. శరణార్థుల విషయం పార్టీకి పెట్టుబడి అయింది. 2017లో 12.6 శాతం, 94 సీట్లు. గెలిచిన మర్నాడే పెట్రీ 'ఈ పార్టీ గ్రూపులో నేను కూర్చోను' అని లేచి వెళ్లిపోయింది. స్థాపించినవాడు పోయాడు, తర్వాత నడిపినావిడ పోయింది. ఇద్దరూ పోతూ చెప్పింది ఒకటే, పార్టీ మరీ కుడికి జరిగిపోయిందని. ఇది నల్లమల గారు గమనించాలి. ఈ పార్టీ మారిపోయిందని అన్నవాళ్లలో మొదటివాళ్లు దాని సొంత నాయకులే.

ఆ పార్టీలో తురింగియా రాష్ట్రంలో బ్యోర్న్ హ్యోకె అని ఒకాయన. ఆయన వర్గాన్ని 'రెక్క' అని పిలిచేవాళ్లు. (మన జిల్లా వాళ్లు వర్గం అనగానే బాంబులు అనుకోవద్దు, ఇది మాటల వర్గం.) ఆయన 2017లో, బెర్లిన్ నడిబొడ్డున యూదుల మారణహోమానికి కట్టిన స్మారకాన్ని 'అవమాన స్మారకం' అన్నాడు. తర్వాత సభల్లో 'అంతా జర్మనీ కోసం' అనే నినాదం ఇచ్చాడు. వినడానికి ఏముంది, దేశభక్తే కదా అనిపిస్తుంది. కానీ అది హిట్లర్ తుపాను దళం నినాదం, అక్కడ వాడడం నేరం. 2024లో హాలె కోర్టు రెండుసార్లు జరిమానా వేసింది, 13,000 యూరోలు ఒకసారి, 16,900 ఇంకోసారి. ఆ నినాదం ఎక్కడిదో నాకు తెలియదని వాదించాడు. ఆయన పార్టీలోకి రాకముందు బడిలో ఏం చెప్పేవాడనుకున్నారు? చరిత్ర. నేనూ పంతులునే, ఆ వాదన చదివి నాకు సిగ్గేసింది.

2024 సెప్టెంబర్ 1న ఆయన రాష్ట్రంలోనే పార్టీ 32.8 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో కుడివైపు అతివాద పార్టీ ఒక రాష్ట్ర ఎన్నికలో మొదటి స్థానంలోకి రావడం అదే తొలిసారి. అయినా ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోయారు, ఎవరూ చేతులు కలపలేదు. దీన్నే అక్కడ నిప్పు గోడ అంటారు. కల్లంలో వామికీ వామికీ మధ్య జాగా వదులుతాం చూడండి, ఒకటి అంటుకుంటే రెండోదానికి పాకకుండా. అట్లాంటిది. ఈ జనవరి 29న ఆ జాగా కాస్త తగ్గింది. ఇప్పుడు చాన్సలరైన మెర్త్స్ వలసల మీద పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో కొద్ది తేడాతో నెగ్గింది. మర్నాటి నుంచి జనం రోడ్ల మీదకు వచ్చారు.

కారందోసె
జూన్ 15, ఉదయం 11:02

మాస్టారూ, వామి పోలికతో ఒక్క దెబ్బకు అర్థమయింది. యూట్యూబ్‌లో గంటసేపు చూసినా ఎక్కలేదు.

కువైట్_రిటర్న్
జూన్ 15, మధ్యాహ్నం 1:15

అంత చెడ్డ పార్టీ అయితే బ్యాన్ చేయొచ్చు గదా. చేయడం లేదంటే పస లేదనే గదా అర్థం.

సివిక్స్_మాస్టారు
జూన్ 15, మధ్యాహ్నం 2:30

మంచి ప్రశ్న. వాళ్ల రాజ్యాంగంలో 21వ అధికరణ ప్రకారం పార్టీని నిషేధించొచ్చు. కానీ అది పోలీసుల చేతిలో లేదు, ప్రభుత్వం చేతిలోనూ లేదు. పార్లమెంటు రెండు సభల్లో ఏదో ఒకటి గాని, కేంద్ర ప్రభుత్వం గాని అడగాలి, రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాలి. ఇప్పటిదాకా నిషేధించినవి రెండే. 1952లో నాజీల వారసులు పెట్టిన ఒక పార్టీ, 1956లో కమ్యూనిస్టు పార్టీ. 2017లో ఎన్‌పీడీ అనే పచ్చి నాజీ తరహా పార్టీ కేసు వచ్చింది. కోర్టు ఏమందంటే, ఉద్దేశాలు రాజ్యాంగానికి విరుద్ధమే, కానీ ఇంత చిన్న పార్టీ వల్ల ప్రజాస్వామ్యానికి ప్రమాదం లేదు, నిషేధం అక్కర్లేదు. ఇప్పుడు తమాషా చూడండి. చిన్నదైతే నిషేధం అక్కర్లేదు. పెద్దదైతే కోటి మంది ఓటర్లను ఏం చేస్తారు?

మొన్న మే 2న అక్కడి అంతర్గత నిఘా సంస్థ, దాని పేరే రాజ్యాంగ పరిరక్షణ కార్యాలయం, 1,100 పేజీల నివేదికతో ఈ పార్టీని 'ధ్రువపడిన అతివాద సంస్థ' అని ప్రకటించింది. కారణం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పౌరసత్వం కాగితం ఉన్నా రక్తం వేరైతే పూర్తి జర్మన్ కాదనే ఆలోచన పార్టీ అంతటా ఉందని. పార్టీ కోర్టుకు వెళ్లింది. మే 8న, కోర్టు తేల్చేదాకా ఆ ముద్ర వాడమని సంస్థ వెనక్కి తగ్గింది. అమెరికా విదేశాంగ మంత్రి రూబియో అయితే ఇది ముసుగేసుకున్న నిరంకుశత్వం అన్నాడు. కాబట్టి పస ఉందా లేదా అనేది ఇంకా కోర్టులోనే ఉంది.

పాలకొండ_గుట్ట
జూన్ 15, మధ్యాహ్నం 2:52

(ఈ వ్యాఖ్యను నిర్వాహకులు తొలగించారు.)

వేదిక నిర్వాహకులు
జూన్ 15, మధ్యాహ్నం 3:10

అడిగింది జర్మనీ గురించి. మన పార్టీలను ఇందులోకి లాగి తిట్టుకోవడానికి వేరే చర్చలు బోలెడున్నాయి. ఇంకొకటి తీసేయాల్సి వస్తే తాళం వేస్తాం.

లైప్‌జిగ్_అక్క
జూన్ 15, సాయంత్రం 6:37

మాది ప్రొద్దుటూరు. లైప్‌జిగ్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం, నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్. మాకు నాలుగేళ్ల బాబు. కుర్రోడు చెప్పినదానికి నా అనుభవం కలుపుతున్నా.

ఎన్నికల ముందు ఒక శనివారం మార్కెట్‌కు వెళ్లాం. పక్కనే నీలం గొడుగు కింద ఏఎఫ్‌డీ వాళ్ల టేబుల్. పెన్నులు, కరపత్రాలు, పిల్లలకు నీలం బెలూన్లు. మా వాడు బెలూన్ కనబడితే ఆగడు కదా, చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. లైనులో ముందున్న ఇద్దరు పిల్లలకు ఆయన నవ్వుతూ ఇచ్చాడు. మావాడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి గాల్లో ఆగింది. ఒక్క సెకను. నా వైపు చూశాడు, మళ్లీ వాడి వైపు చూశాడు. తర్వాత వంగి, దారం వాడి మణికట్టుకు మెల్లగా కట్టాడు. ఎగిరిపోకుండా రెండు ముళ్లు కూడా వేశాడు.

ఆ బెలూన్ ఇంటికి తెచ్చుకున్నాం. తీసేస్తే పిల్లాడు ఏడుస్తాడు. మూడు రోజులు హాల్లో సీలింగ్‌కు అంటుకుని ఉండిపోయింది, మీద పార్టీ పేరుతో సహా. నాలుగో రోజు గాలి తగ్గి సోఫా వెనక పడింది. ఆ ఒక్క సెకను గురించి మా ఆయనకు చెప్తే "ఇచ్చాడు కదా" అన్నాడు. నిజమే, ఇచ్చాడు.

ఇంకో సంగతి. ఈ జనవరిలోనే, పశ్చిమాన కార్ల్స్‌రూయెలో ఆ పార్టీ లోకల్ శాఖ విమానం టికెట్‌లా ఉండే కరపత్రాలు అచ్చేసి ఇళ్ల లెటర్ బాక్సుల్లో వేసింది. ప్రయాణికుడి పేరు దగ్గర 'అక్రమ వలసదారు', తేదీ ఎన్నికల రోజు, వన్ వే. పోలీసులు కేసు పెట్టి విచారించారు. పార్టీ వాళ్లేమో అందరికీ పంచాం, అక్రమంగా ఉన్నవాళ్ల గురించే అన్నారు. కావచ్చు. కానీ పొద్దున్నే బాక్స్ తెరిచిన పిల్ల ఆ చిన్న అక్షరాలు చదవదు కదా.

అన్నింటికీ ఈ పార్టీనే కారణం అని నేను అనను. 2007 ఆగస్టులో ఇక్కడికి దగ్గర్లోనే మ్యూగెల్న్ అనే చిన్న ఊర్లో తిరునాళ్ల లాంటి ఉత్సవంలో 8 మంది ఇండియన్స్‌ను యాభై మంది దాకా తరిమారు. వాళ్లు ఒక పిజ్జా షాపులో దూరి ప్రాణాలు కాపాడుకున్నారు. అప్పటికి ఏఎఫ్‌డీ పుట్టనేలేదు. ఆ కోపం ముందు నుంచే ఉంది. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఇక్కడ ఫ్యాక్టరీలు వరసగా మూతబడ్డాయి, చదువుకున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు పశ్చిమానికి వెళ్లిపోయారు. ఊర్లలో ముసలివాళ్లు మిగిలారు. మన వైపు పల్లెలు చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే మన పల్లె వాళ్లకు కువైట్ నుంచి డబ్బులొచ్చాయి.

నల్లమల_గాలి
జూన్ 15, సాయంత్రం 7:15

అక్కా, చేతిలో పెట్టిన బెలూన్‌లో కూడా తప్పు వెతికితే ఎట్లా? ఆ పార్టీ నాయకురాలు ఆలిస్ వైడెల్ జీవిత భాగస్వామి ఎవరో తెలుసా? శ్రీలంకలో పుట్టిన ఆవిడ. అంత రేసిస్టు పార్టీ అయితే ఆమెను నెత్తిన పెట్టుకుంటారా?

లైప్‌జిగ్_అక్క
జూన్ 15, సాయంత్రం 7:40

తప్పు వెతకలేదు తమ్ముడూ, జరిగింది చెప్పా. వైడెల్ సంగతి నిజమే. ఆవిడే ఈ జనవరిలో రీజా అనే ఊర్లో పార్టీ సమావేశంలో స్టేజి ఎక్కి, రీమైగ్రేషన్ (వలస వచ్చినవాళ్లను పెద్ద ఎత్తున వెనక్కి పంపడం) గురించి 'దాన్ని రీమైగ్రేషన్ అనాలంటే రీమైగ్రేషనే అందాం' అని గట్టిగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. ఆ మాట ఎందుకంత గొడవో తెలియాలంటే 2024 జనవరికి వెళ్లాలి. పార్టీ వాళ్లు కొందరు పోట్స్‌డామ్ దగ్గర హోటల్‌లో కూర్చుని, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక అతివాది రీమైగ్రేషన్ ప్లాన్ విన్నారని కరెక్టివ్ అనే వార్తా సంస్థ బయటపెట్టింది. పౌరసత్వం ఉన్నవాళ్ల మీద కూడా ఒత్తిడి పెట్టాలన్నది అందులో మాట. పార్టీ అది మా విధానం కాదంది. ఆ నెలలో దేశమంతా లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మేమూ వెళ్లాం, బాబును స్ట్రోలర్‌లో వేసుకుని, మైనస్‌లో చలి. అన్నేళ్లలో నేను వెళ్లిన మొదటి ఊరేగింపు అదే.

సివిక్స్_మాస్టారు
జూన్ 15, రాత్రి 8:20

'ఇండియన్స్‌తో పేచీ లేదు' అన్న మాట మీద ఒక పాత సంగతి. 2000లో ష్రోడర్ ప్రభుత్వం మన ఐటీ వాళ్లకు గ్రీన్ కార్డు ఇస్తామంది. అప్పుడు ఒక రాష్ట్ర ఎన్నికల్లో 'ఇండియన్ల బదులు పిల్లలు' అని ప్రాస కుదిర్చి నినాదం నడిచింది. జర్మన్‌లో కిండర్ అంటే పిల్లలు, ఇండర్ అంటే ఇండియన్లు. ఇది ఏఎఫ్‌డీ పని కాదు. ఇప్పుడు అధికారంలో ఉన్న మెర్త్స్ పార్టీ నాయకుడు రూట్‌గెర్స్ ప్రచారం. ఆ ఎన్నికలో ఓడిపోయాడు లెండి. 2024 అక్టోబర్‌లో అదే దేశం మన నిపుణులకు ఏటా 20 వేలున్న వీసాలను 90 వేలకు పెంచుతామంది. పని కావాలి, మనిషి వద్దు అనే తగువు అక్కడ ఈ పార్టీ కంటే పాతది.

గడియారాల_షాపు
జూన్ 15, రాత్రి 10:58

షాపు మూసి ఇప్పుడే అన్నీ చదివినా. అందరికీ థ్యాంక్స్. మాస్టారు గారికి ప్రత్యేకంగా.

నేను మొదటి పోస్టులో ఒకటి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. పొద్దున నల్లమల గారు ధైర్యం చెప్తూ, వాళ్లకు పడనిది ముస్లింలతోనే అన్నారు. అన్నా, ఆ ముస్లింలం మేమే. మాది కడపలోని నకాష్. పాప స్కార్ఫ్ కట్టుకుంటుంది.

మా చిన్నప్పుడు ఇక్కడ మమ్మల్ని తురకలు అనేవాళ్లు. తప్పుగా అనేవాళ్లు కాదు, అలవాటు. ఆ మాటకు మూలం టర్కీ అని ఎప్పుడో ఎవరో చెప్పినారు. మాకు టర్కీ ఎక్కడుందో కూడా తెలీదు. ఇప్పుడు నిజంగా టర్కీ నుంచి వచ్చిన తురకలుండే దేశానికి పోతాంటే అక్కడ కూడా అదే లెక్కలో పడతామా అని నవ్వొచ్చింది.

కుర్రోడు రాసిన అవ్వ మాట, "నువ్వు వేరే" అన్నది, రెండుసార్లు చదివినా. నలభై ఏండ్లుగా షాపు నడుపుతున్నా. గడియారం చేతిలో పెట్టి, టీవీలో వచ్చిన ఏదో వార్త గురించి తిట్టి, నా మొహం చూసి, "మీరు అట్లాంటోళ్లు కాదులే భాయ్" అనేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. మంచివాళ్లే. డబ్బులు కూడా బేరమాడకుండా ఇస్తారు. ఉగాదికి మా ఇంట్లో ఆడవాళ్లు దేవుని కడప గుడికి పోయి, బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు అని టెంకాయ కొట్టి వస్తారు. పెద్ద దర్గాకు వాళ్లూ వస్తారు. ఇక్కడ ఎట్లా ఉండాలో నాకు తెలుసు. అక్కడ పాపకు ఎవరు నేర్పిస్తారు?

కారందోసె
జూన్ 15, రాత్రి 11:20

భాయ్, మీ షాపు నాకు తెలుసనుకుంటా. మా నాయన హెచ్‌ఎంటీ వాచీ మీ దగ్గరే బాగైంది.

నల్లమల_గాలి
జూన్ 16, ఉదయం 6:45

రాత్రే చదివినా, రాయబుద్ధి కాలేదు. మనసులో ఏదీ పెట్టుకోకుండానే అన్నా ఆ మాట. అదే తప్పు కావచ్చు. శరణార్థుల విషయంలో, నేరాల విషయంలో నేను చెప్పినవి వెనక్కి తీసుకోను, అవి జరిగినవే. కానీ "మనతో పేచీ లేదు" అన్నప్పుడు ఆ 'మన'లో మీరు లేరని నేనే తేల్చేసినట్టయింది. క్షమించండి.

కువైట్_రిటర్న్
జూన్ 16, ఉదయం 8:10

భాయ్, నేను కువైట్‌లో మీవాళ్లతోనే రూములో ఉన్నా. పదకొండు మందిమి. అక్కడ అందరం ఒకే లెక్క, ఇండియన్ డ్రైవర్. పాపను పంపండి. నేను మాత్రం ఆ పార్టీ విషయంలో మాట మార్చను. ఎవరి ఇల్లు వాళ్లది.

లైప్‌జిగ్_అక్క
జూన్ 16, ఉదయం 11:30

కువైట్ అన్నా, ఒక్క తేడా. కువైట్ మీకు ఎప్పుడూ మా ఇంట్లో మనిషివి అవుతావని చెప్పలేదు. ఇక్కడ చట్టమే ఐదేళ్లుంటే పౌరసత్వం ఇస్తానంటుంది, 2024 జూన్ నుంచి. మాట ఇచ్చినవాడితో ఉన్న పేచీ వేరు, ఇవ్వనివాడితో వేరు.

కెమ్నిట్స్_కుర్రోడు
జూన్ 16, సాయంత్రం 5:05

అంకుల్, మొన్న నేను సగమే చెప్పా. స్కార్ఫ్ ఉంటే తేడా ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. మా బ్యాచ్‌లో హైదరాబాద్ అమ్మాయి ఒకామె కట్టుకుంటుంది. రెండేళ్లలో మూడుసార్లు ట్రామ్‌లో మాట పడింది. ఒకసారి ఒకడు బాగా తాగి దగ్గరకొచ్చి అరిచాడు. డ్రైవర్ బండి ఆపి వాణ్ని దింపేశాడు. పక్కనున్న ఇద్దరు లేచి ఆమె సీటు దగ్గర నిలబడ్డారు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి ఓటేశారో దేవుడికే తెలియాలి.

రాత్రి పదకొండు తర్వాత సెంట్రల్ స్టేషన్ వైపు ఒంటరిగా తిరగదు. మ్యాచ్ ఉన్న రోజు, ఊరేగింపు ఉన్న రోజు ముందే గ్రూపులో మెసేజ్ వస్తుంది, ఆ రూటు వదిలేస్తాం. 2018 ఆగస్టులో ఇక్కడ ఒక కత్తిపోటు హత్య తర్వాత పెద్ద గొడవలయ్యాయి. ఊరి మధ్యలో ఏడు మీటర్ల కార్ల్ మార్క్స్ తలకాయ విగ్రహం ఉంటుంది, దాని ముందే అతివాదుల సభ. వారానికే అదే ఊర్లో వాళ్లకు వ్యతిరేకంగా ఉచిత మ్యూజిక్ షో పెడితే 65 వేల మంది వచ్చారు. రెండూ ఈ ఊరే.

మాగ్డెబుర్గ్ సంగతి కూడా చెప్పాలి, ఎలాగూ వీడియోలో చూసి ఉంటారు. పోయిన డిసెంబర్ 20న క్రిస్మస్ మార్కెట్‌లోకి కారు దూకించింది సౌదీ నుంచి వచ్చిన డాక్టరు. ఇస్లాంను ద్వేషించేవాడు, ఏఎఫ్‌డీని మెచ్చుకుంటూ పోస్టులు పెట్టేవాడు. గాయపడినవాళ్లలో ఏడుగురు మన ఇండియన్స్. అయినా వాడి మూలం సౌదీ అని తెలియగానే ఆ ఊర్లో నల్లగా ఉన్నవాళ్లందరికీ కొన్ని వారాలు బయటికి రావాలంటే టెన్షన్. ఇక్కడ లాజిక్ వెతకొద్దు.

గడియారాల_షాపు_పాప
జూన్ 16, రాత్రి 9:48

అందరికీ సలాం, నమస్తే. అబ్బా ఇక్కడ రాస్తున్నారని తమ్ముడు ఇప్పుడే చూపించాడు. రెండు రోజులుగా షాపులో ఫోన్ పట్టుకుని ఏం చదువుతున్నారా అనుకున్నా. 'పాప' వయసు 22.

సాక్సనీ ఎన్నికల ఫలితాలు నేను అప్లై చేయడానికి ముందే చూశాను. అబ్బాకు చెప్పలేదు, చెప్తే అప్లై చేయనివ్వరని. పశ్చిమాన రెండు చోట్లకూ పెట్టా. ఒకటి రాలేదు, రెండోదానికి సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు. మా ఇంటి కాగితాలకు అంత బరువు మోసే శక్తి లేదు. ఫీజు లేని సీటు, నాకు కావాల్సిన కోర్సు కెమ్నిట్స్‌లో దొరికాయి.

కుర్రోడు గారూ, నాకు భయం లేదని కాదు. కానీ ఇది నాకు మొదటిసారి వచ్చే భయమేం కాదు. మీ బ్యాచ్ హైదరాబాద్ అక్క నంబర్ ఇక్కడ వద్దు, మెసేజ్‌లో ఆమెను అడిగి ఇవ్వగలరా? ట్రామ్‌లో అట్లా జరిగినప్పుడు జర్మన్‌లో గట్టిగా ఏం అనాలో ఆమెనే అడుగుతా. జర్మన్ భాషలో ఏ2 లెవెల్ అయిపోయింది, అందులో షాపింగ్, వాతావరణం, డాక్టర్ దగ్గర మాటలు నేర్పించారు గాని ఇది నేర్పలేదు.

కెమ్నిట్స్_కుర్రోడు
జూన్ 16, రాత్రి 10:15

ఆమె ఓకే అంది. మెసేజ్ చూడండి. ట్రామ్‌లో ముందు సీట్లు, డ్రైవర్‌కు కనిపించేట్టు. ఇది ఆమె చెప్పమన్న మొదటి మాట.

గడియారాల_షాపు
జూన్ 17, ఉదయం 9:20

నిన్న రాత్రి ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఎన్నికల ఫలితాలు ముందే చూసిందంట. నాకు చెప్పలేదంట. వాళ్లమ్మకు మాత్రం తెలుసంట.

సరే, ఈ రోజు బ్యాంకుకు పోతున్నా. వీసా స్లాట్ దొరికినాక ఇక్కడే రాస్తా. ఒక్క సందేహం. కడపలో మొత్తం తిరిగినా మైనస్ చలికి వేసుకునే కోటు దొరకలేదు. అంగడి వాడు 44 డిగ్రీల ఎండలో నన్ను ఎగాదిగా చూసినాడు. హైదరాబాద్ పోవాలా, లేక అక్కడే కొనుక్కుంటే మేలా?

లైప్‌జిగ్_అక్క
జూన్ 17, ఉదయం 11:05

భాయ్, కోటు ఇక్కడే. అక్కడ కొన్నది ఇక్కడి నవంబర్‌కు చాలదు. ఆ బరువులో మూడు లీటర్ల కుక్కర్, ఎక్స్‌ట్రా గ్యాస్‌కెట్ రెండు పెట్టండి. గ్యాస్‌కెట్ మర్చిపోవద్దు, ఇక్కడ ఆ సైజు దొరక్క నేను ఆర్నెల్లు అన్నం గిన్నెలో వండుకున్నా. అక్టోబర్‌లో ఏ రోజు దిగుతుందో చెప్పండి, లైప్‌జిగ్ స్టేషన్‌కు నేను వస్తా.